బ్రేకు తొక్కకపోయినా ఆరని ఎర్రలైటు: బ్యాటరీ కొనే ముందు పెడల్ పైన చూడండి

సంపాదకులకు,

అయ్యా,

రాయచోటి వైపు నుంచి గువ్వలచెరువు ఘాట్ దిగి కడపకు వచ్చేటప్పుడు, ముందు పోయే కారు ఎర్రలైట్లు ఏ మలుపులోనూ ఆరకపోతే వెనక వచ్చే డ్రైవరు ఏమనుకోవాలి? ఆ కారాయన ఘాట్ పొడుగునా బ్రేకు మీద కాలు తీయడం లేదనుకోవాలి, లేదా లైట్లకే ఏదో తెగులు పట్టిందనుకోవాలి. లైట్ల తెగులే అయితే ఆయన నిజంగా బ్రేకు తొక్కిన క్షణం వెనకవాళ్ళకు తెలియదు. ‘నాన్నా, పులి’ అని రోజూ అరిచిన పిల్లవాడి కేక లాంటిదే ఆ వెలుగు. ప్రమాదాల వార్తల్లో అతివేగం, నిద్రమత్తు గురించి తరచూ చదువుతుంటాం. ఈ లోపం మాటే వినబడదు కాబట్టి వాహనాల కరెంటు పని చేసే మేము కొంచెం వివరంగానే రాస్తున్నాం.

ఇందులో పెద్ద చిక్కు ఏమిటంటే, బండి ఎవరిదో వాళ్ళకే ఇది ఆఖర్న తెలుస్తుంది. చాలా కార్లలో బ్రేకు లైటుకు తాళంచెవితో పని లేదు. ఇంజను ఆపి తాళం తీసినా, పెడల్ తొక్కితే వెలిగేలా బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు అందుతుంది. కాబట్టి లోపమున్న బండి రాత్రంతా ఇంటి ముందు ఎర్రగా వెలుగుతూనే నిలబడుతుంది. తెల్లారి సెల్ఫ్ కొడితే టకటకమని చప్పుడే తప్ప ఇంజను తిరగదు. అప్పుడు అందరికీ గుర్తొచ్చేది బ్యాటరీ షాపే.

లెక్క వేసి చూడండి. వెనక రెండు బల్బులు 21 వాట్లవి. కలిపితే 42 వాట్లు, 12 వోల్టులతో భాగిస్తే మూడున్నర ఆంపియర్లు. వెనక అద్దం దగ్గర మూడో లైటు ఉంటే ఇంకాస్త ఎక్కువ. చిన్న పెట్రోలు కారులో ఉండేది దాదాపు 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ. రాత్రి తొమ్మిదికి నిలిపిన బండిని పొద్దున ఏడుకు తీస్తే పది గంటలు, అంటే 35 ఆంపియర్-అవర్లు. ఖజానా మొత్తం ఖాళీ. నిజానికి అంతదాకా కూడా పోదు, సగం పైన దిగేసరికే సెల్ఫ్ మొరాయిస్తుంది. కొత్త బ్యాటరీ వేసినా మర్నాడు అదే కథ, పైగా ఇలా అడుగంటా దిగడం ఒకటి రెండుసార్లు జరిగితే కొత్త బ్యాటరీ ఆయుష్షూ తగ్గిపోతుంది. ఎల్‌ఈడీ లైట్లున్న కార్లు తక్కువ కరెంటు తాగుతాయి కాబట్టి ఒక రాత్రికి తట్టుకుంటాయి. రెండు మూడు రోజులు కదలకపోతే దిగుతాయి, అందుకని అక్కడ అనుమానం ఇంకా ఆలస్యంగా వస్తుంది. బ్యాటరీ ఖరీదు వేలల్లో, బ్రేకు స్విచ్చు ఖరీదు వందల్లో, ఎక్కువసార్లు అసలు దోషి అయిన ముక్క ఖరీదు పదుల రూపాయల్లో ఉంటుంది. జనం మాత్రం పెద్ద ఖర్చు నుంచి చిన్న ఖర్చుకు వస్తున్నారు.

ఆ ముక్క ఏమిటో అర్థం కావాలంటే స్విచ్చు పని చేసే తీరు తెలియాలి. బ్రేకు పెడల్ కాడ డ్యాష్‌బోర్డు కిందికి వెళ్ళే చోట ఇనుప బ్రాకెట్టుకు బొటనవేలంత స్విచ్చు బిగించి ఉంటుంది. దాని ముందు భాగంలో స్ప్రింగు మీద ఆడే చిన్న ప్లంజరు. ప్లంజరు లోపలికి నొక్కుకుని ఉన్నంతసేపు లైటు ఆరి ఉంటుంది, బయటికి వస్తే వెలుగుతుంది. ఇంట్లో ఫ్రిజ్జు తలుపు దగ్గరుండే స్విచ్చుదీ ఇదే పద్ధతి. కాలు వేయనప్పుడు పెడలే ప్లంజరును నొక్కిపెట్టి ఉంచుతుంది. తొక్కగానే పెడల్ దూరం జరిగి ప్లంజరు బయటికి వస్తుంది. కాబట్టి లైటు ఆరడం లేదంటే, ముందుగా అడగవలసిన ప్రశ్న ఒకటే: ప్లంజరును నొక్కవలసింది నొక్కుతోందా?

చాలా కార్లలో పెడల్ ఇనుము నేరుగా ప్లంజరును తాకదు. పెడల్ కాడకు రంధ్రం వేసి, అందులో పుట్టగొడుగు ఆకారంలో ఒక ప్లాస్టిక్ లేదా రబ్బరు బుడిపె గుచ్చుతారు. షాపుల్లో పెడల్ స్టాపర్ అని అడగాలి. ప్లంజరు ఆనేది దాని మీదే. మన జిల్లాలో మే నెలలో బయటే 43, 44 డిగ్రీలు కాస్తే, అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు లోపల ఎంత ఉడుకుతుందో చెప్పనక్కర్లేదు. ఏళ్ళ తరబడి అలా ఉడికిన ప్లాస్టిక్ పెళుసుబారి ఒకరోజు పుటుక్కున పగులుతుంది. ప్లంజరు ఆ రంధ్రంలోంచి అవతలికి దూరిపోతుంది. పెడల్ తన చోటే ఉంది, స్విచ్చు బాగుంది, వైర్లు బాగున్నాయి, లైటు మాత్రం ఆరదు.

రుజువు కాళ్ళ దగ్గరే దొరుకుతుంది. డ్రైవరు వైపు మ్యాటు మీదా, దాని కిందా చూడండి. కందిపప్పు బద్దలంత ముక్కలు, తెలుపో నీలమో ఆకుపచ్చో నలుపో, వేళ్ళ మధ్య నలిపితే రస్కు పొడిలా రాలేవి కనపడితే రోగం దొరికినట్టే. పిల్లలు తిని పడేసిన బిస్కెట్టు ముక్కలనుకుని ఊడ్చేస్తుంటారు. తర్వాత సీటు వెనక్కి జరిపి, సెల్‌ఫోను టార్చి పట్టుకుని, తల లోపలికి పెట్టి పైకి చూడండి. పెడల్ కాడ రంధ్రంలోంచి ప్లంజరు మొన ఇవతలికి పొడుచుకొచ్చి ఉంటుంది.

కొత్త స్టాపరు వేయడానికి ఏ సామానూ అక్కర్లేదు. పాత ముక్కలు రంధ్రంలో ఇరుక్కుని ఉంటే పీకేయాలి. కొత్తదాన్ని ఒకటి రెండు నిమిషాలు వేడినీళ్ళలో వేస్తే మెత్తబడుతుంది. పెడల్‌ను ఒక చేత్తో కిందికి నొక్కిపట్టి, స్టాపరు తల ప్లంజరు వైపు ఉండేలా రంధ్రంలో పెట్టి బొటనవేలితో గట్టిగా అదమాలి. టక్కుమని కూర్చుంటుంది. జారడానికి సబ్బు నీళ్ళు చాలు, ఇంజనాయిలు, గ్రీజు పూయవద్దు, వాటికి కొన్ని రకాల రబ్బరు ఉబ్బుతుంది. చాలా గేరు బండ్లలో క్లచ్ పెడల్‌కూ ఇలాంటి స్టాపరే ఉంటుంది. రెండూ ఒకే వయసువి కాబట్టి ఎలాగూ తల లోపలికి పెట్టినవాళ్ళు రెండూ మార్చుకోవడం తెలివి.

స్టాపరు దొరికేదాకా రంధ్రానికి సరిపోయే పొట్టి బోల్టు, వాషరు, నైలాన్ నట్టు బిగించుకోవచ్చు. బోల్టు తల ప్లంజరు వైపుండాలి. తల మందం పాత స్టాపరు తల కన్నా ఎక్కువైతే మాత్రం అది పెడల్‌ను ఎప్పుడూ కాస్త కిందికే నెట్టి ఉంచుతుంది, దాని ప్రమాదం కిందే చెబుతాం. రూపాయి బిళ్ళను జిగురుతో అంటించడం, గుడ్డముక్క కుక్కడం వంటి చిట్కాలకు మాత్రం పోవద్దు. అది ఊడి పెడల్ కింద పడితే, లైటు పోయి బ్రేకుకే ముప్పు వస్తుంది.

స్టాపరు బాగుందనుకోండి. అప్పుడు ప్లంజరును వేలితో పూర్తిగా లోపలికి నొక్కి, వెనక ఎవరినైనా నిలబెట్టి అడగండి. వెనక ఎవరూ లేకపోతే రాత్రిపూట బండి వెనక భాగం గోడకు దగ్గరగా పెడితే చాలు, గోడ మీద ఎరుపు చెబుతుంది. లైటు ఆరితే స్విచ్చు మంచిదే, దాని సర్దుబాటు తప్పింది, లేదా పెడల్ పూర్తిగా పైకి రావడం లేదు. ఆరకపోతే స్విచ్చు కప్లరు, అంటే వైర్లను స్విచ్చుకు కలిపే ప్లగ్గు, పీకండి. ఇప్పుడు ఆరితే స్విచ్చు లోపల కరెంటును కలిపి విడదీసే లోహపు ముక్కలు, అంటే పాయింట్లు, అతుక్కుపోయాయి, మార్చాల్సిందే. కప్లరు పీకినా వెలుగుతూనే ఉంటే కరెంటు ఇంకెక్కడినుంచో వస్తోంది. ఒక్క మినహాయింపు ఉంది: కొత్త తరం కార్లలో లైట్లను కంప్యూటరే వెలిగిస్తుంది, స్విచ్చు సంకేతం మాత్రమే ఇస్తుంది. వాటిలో కొన్ని, స్విచ్చు తెగిపోయిందని తెలియగానే ముందుజాగ్రత్తగా లైటు వెలిగించి ఉంచుతాయి. అలాంటి బండ్లకు కప్లరు పరీక్ష నమ్మకూడదు, కారు కంప్యూటరులో నమోదైన లోపాల కోడ్లు చదివే స్కానరు పెట్టి చూడాలి. బ్రేకు స్విచ్చు సర్క్యూటుకు పి0571, రెండు పాయింట్ల సంకేతాలు ఒకదానితో ఒకటి కుదరకపోతే పి0504 కోడ్లు పడుతుంటాయి.

పాయింట్లు ఊరికే అతుక్కోవు. స్విచ్చును కంపెనీ వేసిన బల్బుల బరువు మోయడానికి చేశారు. దాని మీద ఎక్కువ వాట్ల బల్బులు, బంపరు పొడుగునా మిణుకు పట్టీలు, ట్రైలరు లైట్లు కలిపేస్తే, తొక్కి వదిలిన ప్రతిసారీ పాయింట్ల మధ్య నిప్పురవ్వ పెద్దదవుతుంది, చివరికి రెండూ కరిగి ఒకటవుతాయి. అదనపు లైట్లు కావాలంటే బ్యాటరీ నుంచి ఫ్యూజుతో వేరే వైరు లాగి, మధ్యలో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు) పెట్టి, స్విచ్చు చేత రిలేను మాత్రమే లాగించాలి. అప్పుడు ఎప్పుడైనా లైటు ఆరకపోతే రిలే పీకి చూస్తే సగం పరీక్ష అక్కడే అయిపోతుంది.

ఇక సర్దుబాటు. మేం గట్టిగా చెప్పదలచుకున్నది ఇక్కడే. మరలున్న స్విచ్చయితే ముందు కప్లరు పీకాలి, లేకపోతే స్విచ్చుతో పాటు వైర్లూ మెలిపడతాయి. లాకు నట్టు వదులు చేసి, స్విచ్చు మరల కొస స్టాపరును తాకేదాకా తిప్పి, అక్కడినుంచి అర చుట్టు నుంచి ఒక చుట్టు వెనక్కి తిప్పాలి. ప్లంజరు లోపలికి పోయి ఉండాలి, మరల కొసకూ స్టాపరుకూ మధ్య సుమారు ఒక మిల్లీమీటరు సందు మిగలాలి. బండిని బట్టి కొలత కొంచెం మారుతుంది, మాన్యువల్లో ఉంటుంది. మరలు లేకుండా పావు చుట్టు తిప్పితే బిగిసే రకమైతే పద్ధతి వేరు. కొత్త స్విచ్చు ప్లంజరును పూర్తిగా బయటికి లాగి, పెడల్‌ను చేత్తో కిందికి పట్టుకుని, స్విచ్చును రంధ్రంలో పెట్టి తిప్పి, పెడల్‌ను మెల్లగా వదలాలి. కరకరమంటూ పళ్ళు తమంతట తామే సర్దుకుంటాయి. ఆ సర్దుకోవడం చాలా రకాల్లో ఒక్కసారికే. ఊడదీసిన పాతదాన్నే మళ్ళీ బిగిస్తే లెక్క తప్పుతుంది.

లైటు ఆరలేదు కదా అని స్విచ్చును ముందుకు ముందుకు బిగిస్తూ పోయేవాళ్ళున్నారు. లైటు ఆరుతుంది నిజమే. కానీ స్విచ్చు శరీరమే పెడల్‌ను వెనక నుంచి తోసి, ఎవరో కాలి బొటనవేలు ఆనించినట్టు ఎప్పుడూ కాస్త నొక్కి ఉంచుతుంది. పెడల్ నొక్కుడుకు బ్రేకాయిలును చక్రాల వైపు తోసే మాస్టరు సిలిండరు లోపల బ్రేకాయిలు వెనక్కి డబ్బాలోకి పోవడానికి ఒక సన్న రంధ్రం ఉంటుంది. పెడల్ పూర్తిగా పైకి వస్తేనే అది తెరుచుకుంటుంది. తెరుచుకోకపోతే వేడికి వ్యాకోచించిన ఆయిలు లైనులోనే ఇరుక్కుని ప్యాడ్లను డిస్కుకు అదిమేస్తుంది. రాపిడితో వేడి, వేడితో మరింత ఒత్తిడి. పది, ఇరవై కిలోమీటర్లలో బండి బరువెక్కినట్టవుతుంది, చక్రాల దగ్గర కాలిన వాసన వస్తుంది, చివరికి బ్రేకులు పట్టేసి కదలనంటుంది. అందుకే సర్దుబాటు తర్వాత ఇంజను ఆపి, పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కి బూస్టరులోని (పెడల్‌కు బలం తోడిచ్చే డబ్బాలోని) వాక్యూం పోగొట్టి, చేత్తో నొక్కి చూడాలి. గట్టిపడే ముందు కొన్ని మిల్లీమీటర్లు వదులుగా ఆడాలి. ఆడకపోతే చేసిన పని తప్పు. ఆ తర్వాత నాలుగైదు కిలోమీటర్లు తిప్పి, ఆపి, నాలుగు చక్రాల దగ్గరా అరచేయి దూరంగా పెట్టి వేడి పోల్చి చూడాలి. డిస్కును ముట్టుకోవద్దు, చర్మం ఊడుతుంది.

పెడలే పైకి రాని సందర్భాలూ ఉన్నాయి. రిటర్ను స్ప్రింగు సాగిపోవడం, పెడల్ ఊగే ఇరుసు చుట్టూ ఉండే తిరుగుడు బుష్ ఎండిపోవడం, మడత పడిన మ్యాటు అడ్డం రావడం. ఎర్రగుంట్ల సిమెంటు దుమ్ములోనో, మంగంపేట ముగ్గురాయి గనుల వైపో తిరిగే బండ్లలో బుష్ చుట్టూ దుమ్ము, పాత గ్రీజు కలిసి ముద్ద కడుతుంది. కాలి బొటనవేలిని పెడల్ కింద పెట్టి పైకి ఎత్తితే లైటు ఆరిందా, తేడా అక్కడే. శుభ్రం చేసి కొంచెం గ్రీజు పెడితే సరి.

ఒక వైపు లైటు మాత్రమే ఆరకపోతే పెడల్ జోలికి పోవద్దు. స్విచ్చు లోపమైతే మూడు లైట్లూ వెలగాలి. ఒకటే వెలుగుతోందంటే ఆ దీపం గిన్నెలోనే ఏదో ఉంది. హెడ్‌లైటు వేసినప్పుడు మాత్రమే బ్రేకు లైటు వెలుగుతుంటే ఇంకా తేలిక: రెండు ఫిలమెంట్ల బల్బులో 21 వాట్ల తీగ తెగి 5 వాట్ల తీగ మీద పడింది, లేదా ఒక ఫిలమెంటు బల్బును రెండు ఫిలమెంట్ల హోల్డరులో బలవంతంగా తోశారు, లేదా గిన్నె ఎర్తు తుప్పుపట్టింది. రెండు ఫిలమెంట్ల బల్బుకు పక్కనున్న రెండు మొలకలు ఎత్తు పల్లంగా ఉంటాయి, అది తప్పుగా పట్టకుండా చేసిన ఏర్పాటే. ఎర్తు సరిగా లేకపోతే కరెంటు తిరుగుదారి వెతుక్కుంటూ పక్క ఫిలమెంటులోంచి పోతుంది, దాంతో ఏది వేస్తే ఏది వెలుగుతుందో అర్థం కాదు. గిన్నె ఎర్తు వైరుకు, బాడీకి మధ్య విడిగా ఒక తీగ పట్టి చూస్తే నిమిషంలో తేలుతుంది.

కప్లరు పీకినా మూడూ వెలిగే కేసుల్లో మేం మొదట చూసేది డిక్కీ తలుపు మడత దగ్గరి రబ్బరు గొట్టం. తలుపు వేసి తీసీ లోపలి వైర్ల తొడుగులు చిట్లుతాయి, నిత్యం కరెంటుండే వైరు బ్రేకు వైరుకు తగిలితే చాలు. గొట్టం ఒక కొస ఊడదీసి వైర్లు ఒక్కొక్కటీ వంచి చూడాలి. చిట్లినవాటిని కోసి, కొత్త ముక్క టంకం వేసి, వేడికి ముడుచుకునే గొట్టం తొడగాలి. అతుకులన్నీ ఒకే చోట రాకుండా అటూ ఇటూ జరపాలి. నల్ల టేపు చుట్టి వదిలేస్తే మన ఎండకు జిగురు కారి వచ్చే వేసవికి మళ్ళీ అదే పని. తర్వాత అనుమానించవలసింది రివర్సు కెమెరాకని, స్టీరియోకని తెలిసీ తెలియక వైర్లు గిల్లి కలిపిన చోట్లు.

బైకుల్లో వెనక బ్రేకు స్విచ్చు స్ప్రింగుతో లాగే రకం. పెడల్ ఉండవలసిన చోటు కన్నా కిందికి దిగితే, స్ప్రింగు ఎప్పుడూ లాగుతూనే ఉంటుంది. స్విచ్చును పట్టుకుని దాని నట్టును తిప్పి వదులు చేయాలి, స్విచ్చునే తిప్పితే వైర్లు తెగుతాయి. బ్రేకాయిలు ఒత్తిడితో పని చేసే స్విచ్చున్న ఆటోల్లో కప్లరు పీకగానే లోపల ఆయిలు తడి కనపడితే స్విచ్చు పోయినట్టే. మార్చాక గాలి తీయకుండా బండి రోడ్డెక్కించకూడదు. గాలి బ్రేకుల లారీల్లో పెడల్ వదిలినా లైటు ఆరకపోతే స్విచ్చును తిట్టే ముందు చెవి పెట్టండి: వదలగానే ‘ఫుస్’మని గాలి పూర్తిగా బయటికి పోవాలి. పోకపోతే వాల్వు అడుగున గాలి పోయే దారి బురదతో మూసుకుపోయి ఉండొచ్చు. అప్పుడు లైటు అబద్ధం చెప్పడం లేదు, బ్రేకు నిజంగానే పట్టి ఉంది. ఘాట్ ఎక్కే లారీకి అది డ్రమ్ములు కాల్చే రోగం.

బాగు చేయించేదాకా రాత్రిళ్ళు బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ వదులు చేసి తీసిపెట్టుకోండి. బ్రేకు లైటు ఫ్యూజు పీకేసి ఊరంతా తిరగడం మాత్రం ఒప్పుకోలేం. ఎప్పుడూ వెలిగే లైటును చూసినవాళ్ళు కనీసం దూరంగా ఉంటారు, అసలు వెలగని బండి వెనక ఆ జాగ్రత్త కూడా ఉండదు. ఆటోమేటిక్ గేరు కార్లవాళ్ళు ఇంకో సంగతి గమనించాలి. లైటు ఆరని బండిలో కాలు వేయకుండానే గేరు లీవరు ‘పి’ (పార్కింగు) నుంచి కదలొచ్చు, ఇంట్లో పిల్లలుంటే ఇది లైటు కన్నా పెద్ద ప్రమాదం. వేగాన్ని తనంతట తానే నిలిపే క్రూయిజు పట్టకపోవడం, పికప్ తగ్గడం కూడా ఈ స్విచ్చు చేసే పనులే. సిగ్నల్ దగ్గర కాలు తీసినా బ్రేకు పట్టి ఉంచే ఆటో హోల్డు వేసుకున్నప్పుడో, ఎలక్ట్రిక్ కారులో యాక్సిలరేటరు వదిలినప్పుడో లైటు వెలిగితే మాత్రం కంగారు పడకండి, దాన్ని అలాగే తయారుచేశారు.

రెండు విన్నపాలు. విడిభాగాల షాపుల వాళ్ళు స్టాపరును విడిగా తెప్పించి ఉంచాలి. అది లేకే ఎందరో పూర్తి స్విచ్చో, ఏకంగా పెడల్ సెట్టో కొనుక్కుపోతున్నారు. రవాణా శాఖ వారు ఫిట్‌నెస్ పరీక్షలో తొక్కితే వెలుగుతోందా అని చూడడంతో ఆపకుండా, వదిలితే వెంటనే ఆరుతోందా అనేది కూడా, పార్కింగు లైట్లు వేసి ఒకసారీ ఆపి ఒకసారీ చూడాలి. బండికి అర నిమిషం పడుతుంది.

ఇట్లు,
కొందరు ఆటో ఎలక్ట్రీషియన్లు,
కడప